డాక్టరు చెప్పని మాట

"తలుపు కాడినుంచి జరుగు అత్తా. నా చెల్లెను నేను తీస్కపోత."

హనోకు గొంతు వాకిట్లో ఖంగుమంది. పొద్దున్నే తన ఊరు మోస్రాలో ఆటో మాట్లాడుకుని బోధన్ దాకా వచ్చాడు. కాళ్ల చెప్పులు కూడా విడవలేదు.

చెల్లెలి అత్త బాలవ్వ గడపకు అడ్డంగా నిలబడింది. "తీస్కపో, నేనేమన్న వద్దన్ననా? కని పట్టపగలు, తల దువ్వకుంట, మాసిన చీరతోని గిట్ల బజార్లకెళ్లి తీస్కపోతే సూసెటోల్లు ఏమంటరు? జర చీకటి పడనియ్యి."

"చీకటి పడేదాక నా చెల్లె పానంతోని ఉంటదా?"

బాలవ్వ గడప మీంచి పక్కకు జరిగింది. వెనక సందులో చెరుకు బండి పోతున్న చప్పుడు ఇంట్లోకి వినబడింది.

లోపలి గదిలో శారమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. అన్న వచ్చిన అలికిడికి కూడా తల తిప్పలేదు. పోయిన ఆదివారం చర్చికి పోలేదు. ఆ తర్వాత స్నానం మానేసింది. నిన్నటి నుంచి మంచినీళ్లు కూడా బతిమాలి తాగించాల్సి వస్తోంది.

ఆమె భర్త జీవరాజు మంచం పక్కనే టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. టీ మీద మీగడ కట్టింది.

"గోలీలేవి బావా?" హనోకు గడప దాటి లోపలికి వచ్చాడు. "మస్తు మంచిగైందంటిరి గద. దీపావళి సెలవులల్ల మా ఇంటికొచ్చినప్పుడు పాటలు పాడింది, పోరగాండ్లతోని తొక్కుడుబిళ్ల ఆడింది. మా ఊరి పెద్దమనిషే గుర్తువట్టలే. రెండు నెలలల్ల గిట్లెట్లయింది? గోలీలు మింగుతలేదా?"

"డాక్టరే బందు వెట్టమన్నడు," బాలవ్వ అందుకుంది. "మంచిగైనంక గోలీలెందుకన్నడంట. గంతే గదరా జీవా?"

జీవరాజు గ్లాసులోని మీగడ వైపు చూశాడు. తల ఊపాడో లేదో అతనికే తెలియలేదు.

"ఏం డాక్టరయ్యా," అని గొణుక్కుంటూ హనోకు మంచం మీదికి వంగాడు. "చెల్లె, లెవ్వు. నిజామాబాద్ పోదాం. లెవ్వవ్వా."

శారమ్మ లేచి కూర్చుంది. చెప్పినట్టు చేయడం తప్ప మరేదీ చేతకాని పిల్లలా లేచింది. జీవరాజు చెయ్యి అందివ్వబోయాడు. హనోకు అప్పటికే ఆమె భుజం పట్టుకున్నాడు.

వాళ్ల కూతురు, తొమ్మిదేళ్ల సుగుణను పక్కింటి నాగవ్వకు అప్పజెప్పారు. బాలవ్వ కూడా కొంగు నిండుగా కప్పుకుని ఆటో ఎక్కింది. తను రాకపోతే అక్కడ అన్నాచెల్లెళ్లు కలిసి తప్పంతా తన కొడుకు మీదికి తోస్తారని ఆమె భయం.

చక్కెర ఫ్యాక్టరీ దగ్గర ఆటో ఆగిపోయింది. జనవరి నెల, గానుగ జోరుగా నడిచే రోజులు. చెరుకు ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు రోడ్డు పొడుగునా బారులు తీరి ఉన్నాయి. చెరుకు మడ్డి వాసన గాలిలో తియ్యగా, పుల్లగా కలిసి ముక్కుకు తగులుతోంది. ఆటోవాడు దిగి ముందు ఎంతదాకా ఆగిపోయిందో చూడటానికి పోయాడు.

శారమ్మ అన్న భుజం మీద తల వాల్చి ఉంది. ఎదురుగా కూర్చున్న భర్తను చూసి చాలాసేపటికి పెదవులు కదిపింది.

"సుగుణ బాపూ... నాతోని నీ డ్యూటీ పాడైంది."

"ఏం గాదు," అన్నాడు జీవరాజు. అని మొహం రోడ్డు వైపు తిప్పుకున్నాడు.

ఆ ఫ్యాక్టరీ గేటు ఎదురుగా ఉన్న టీ కొట్టు అతనికి కనబడకుండా ఉంటే బాగుండేది. నవంబరు చివర ఒక రోజు, గోలీలు తెస్తానని ఇంట్లో చెప్పి బయల్దేరి, బస్సెక్కకుండా సాయంత్రం దాకా అతను కూర్చున్నది ఆ కొట్టులోనే. ఆ రాత్రి ఇంటికి పోయి, "డాక్టరు బందు వెట్టమన్నడు శారా, నీకు నయమైందన్నడు" అని చెప్పాడు. డాక్టరు అలాంటి మాట ఎప్పుడూ అనలేదు. ఆ మాట అంత తేలిగ్గా తన నోట్లోంచి ఎలా వచ్చిందో అతనికి ఇప్పటికీ అంతుపట్టదు.

ఎందుకు చెప్పాడో మాత్రం తెలుసు. తెలుసు కాబట్టే ఎవరి మొహమూ చూడలేకపోతున్నాడు.

నిజాంసాగర్ కాలువ మీద లష్కరు పని అతనిది. తూములు ఎత్తడం, దించడం, రైతులు నీళ్ల కోసం కొట్లాడుకుంటే నడుమ నిలబడి సర్దిచెప్పడం. పెద్ద ఉద్యోగం కాదు. కానీ ఊళ్లో, చర్చిలో అతనికి ఒక పేరుంది. ఎనిమిదేళ్లుగా పెళ్లానికి మనాది పట్టి దిగులుతో మంచాన పడుతుంటే విసుక్కోకుండా చూసుకుంటున్న మనిషి. వంట చేస్తాడు, బిడ్డకు జడ వేస్తాడు, పెళ్లాం ఏడుస్తుంటే పక్కన కూర్చుంటాడు. "జీవరాజు అసొంటి మొగడు ఎవలికి దొరుకుతడు" అని ఆడవాళ్లు ఎదురుగానే అనేవారు. పాస్టరు గారు ఒకసారి ప్రసంగంలోనే అతని ఓర్పును చెప్పారు. ఆ రోజు తల వంచుకుని కూర్చున్నాడు గానీ, లోపల ఎంత హాయిగా ఉందో!

పోయిన వానాకాలంలో నిజామాబాద్ డాక్టరు గోలీలు రాశాడు. నెల తిరిగేసరికి శారమ్మ వేళకు నిద్ర లేచింది. ఇంకో నెలకు నవ్వింది. ఆ తర్వాత ఆ నవ్వు ఇల్లు దాటి బయటికి కూడా వచ్చింది. ఇంటింటి ప్రార్థనలో అందరి ముందూ, "మా ఇంటాయన కండ్లు మూసుకుంటే దేవునితోని మాట్లాడుతున్నడనుకునేరు, గురక వెడుతున్నడు సూడుండ్రి" అంది. అందరూ పగలబడి నవ్వారు. అతనూ నవ్వాడు. ఆడవాళ్ల పాటల బృందంలో చేరింది. "అత్తా, ఈ పూట నువ్వు వండుకో" అని చెప్పి పోయేది. అతను ఏదైనా చెబితే "ఎందుకట్ల?" అని అడిగేది.

ఇక ఎవరూ అతన్ని ఆపి "ఎట్లున్నదయ్యా నీ భార్య?" అని అడగడం లేదు. పాపం జీవరాజు అనడం లేదు. శారమ్మ మొగుడు అంటున్నారు.

అంతే. ఇంతకు మించిన కారణం ఏదైనా దొరుకుతుందేమోనని రెండు నెలలుగా వెతుకుతున్నాడు. దొరకలేదు.

నిజామాబాద్ ఖలీల్‌వాడిలో డాక్టరు గది చిన్నది. డాక్టరు నడివయసు మనిషి. శారమ్మను కూర్చోబెట్టి, నాడి చూసి, కొన్ని ప్రశ్నలు అడిగాడు. ఆమె చాలా వాటికి తల మాత్రమే ఆడించింది.

"అక్టోబరు తర్వాత మీరు మందులకు రాలేదు," అన్నాడు డాక్టరు. "ఎందుకు ఆపారు?"

"మీరే ఆపమన్నరంట గద సార్?" అన్నాడు హనోకు.

"నేనా? నేను ఆపమనలేదే! కనీసం ఏడాది వాడాలని మొదటి రోజే చెప్పాను. ఒక్కసారిగా ఆపొద్దని కూడా చెప్పాను. ఎవరు చెప్పారు మీకు?"

గదిలో ఫ్యాను చప్పుడు పెద్దదైనట్టు తోచింది జీవరాజుకు. బాలవ్వ కొడుకు వైపు చూసింది. హనోకు చూశాడు. జీవరాజు గొంతులో మాట తయారై ఉంది. కానీ అతను డాక్టరు బల్ల మీది కాగితాల వైపు చూశాడు.

"నేనే సార్," అంది శారమ్మ.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"నాకు మింగబుద్ధి కాలే. డాక్టరు సారు వద్దన్నడని... ఇంట్ల నేనే అబద్ధం చెప్పిన."

 ఆ క్షణం దాటితే మళ్లీ నోరు తెరవడం కష్టమని జీవరాజుకు తెలుసు. తెలిసీ ఆ క్షణాన్ని పోనిచ్చాడు.

డాక్టరు ఆమెను కోప్పడలేదు. "ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా?" అని అడిగాడు.

హనోకు తన చెప్పుల వైపు చూసుకున్నాడు. "మమ్ముల కన్న మా అవ్వకుండె సార్. జ్ఞానమ్మ. నెలలకొద్ది మంచం దిగకపోతుండె. దయ్యమన్నరు, ప్రార్థనలు చేయించిండ్రు. మందులు గిట్ల ఉంటయని ఎవలికి తెలుసు."

"గీ సంగతి పెండ్లినాడు చెప్పలే!" బాలవ్వ కుర్చీలో ముందుకు జరిగింది. "అంటే రక్తంలనే ఉన్నదన్నట్టు! గదే గద సార్?"

"కొంత ఉంది," అన్నాడు డాక్టరు. "జీవరాజు గారూ, మీరు కాలువ మీద పని చేస్తారు కదా. మీకు అర్థమయ్యేటట్టు చెప్తాను. మన మెదడులో సెరోటోనిన్ అనే పదార్థం ఉంటుంది. ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు మోస్తుంది. నిద్ర, ఆకలి, దిగులు, కోపం, వీటన్నిటిలో దానికి పాత్ర ఉంది. పని అయ్యాక దాన్ని మళ్లీ లోపలికి లాక్కునే దారులుంటాయి. మేం ఇచ్చే గోలీ ఆ దారిని తూము దించినట్టు కొంచెం దించుతుంది. ఆ పదార్థం ఇంకాస్త సేపు నిలుస్తుంది."

"మరి రక్తం?" అంది బాలవ్వ.

"ఆ దారి ఎలా తయారు కావాలో చెప్పేది ఒక జన్యువు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. కొందరిలో అది కొంచెం పొట్టిగా ఉంటుంది, కొందరిలో పొడుగ్గా. ఈమెకు ఏది ఉందో నాకు తెలియదు, ఆ పరీక్ష ఇక్కడ లేదు. అదొక్కటే కారణమనీ చెప్పలేను. ఇలాంటి జన్యువులు ఇంకా ఎన్నో ఉండొచ్చు."

"సూసినవా హనోకు? సంబంధం జేసుకునేటప్పుడు దాచిండ్రు. ఇగ నా మనుమరాలికి గూడ..."

"పూర్తిగా వినండమ్మా." డాక్టరు చెయ్యెత్తాడు. "పోయినేడు ఒక పరిశోధన వచ్చింది. పరదేశంలో వందల మందిని పుట్టినప్పటి నుంచి పెద్దయ్యేదాకా గమనించారు. ఆ పొట్టి జన్యువు ఉన్నవాళ్లందరికీ ఈ జబ్బు రాలేదు. బతుకులో దెబ్బ మీద దెబ్బ తగిలినవాళ్లకు ఎక్కువగా వచ్చింది. నిమ్మళంగా బతికినవాళ్లను అదే జన్యువు ఏమీ చేయలేదు. ఇది ఇంకా తేలాల్సిన సంగతే. కానీ నేను ఇన్నేళ్లుగా చూస్తున్నదీ అదే. రక్తం సగం చెప్తుంది. తతిమ్మాది ఇల్లు చెప్తుంది."

బాలవ్వ కుర్చీలో వెనక్కి జరిగింది.

డాక్టరు జీవరాజు వైపు చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు. అది ఇంకా కష్టంగా ఉంది. "అక్టోబరులో ఈమె నాతో గలగలా మాట్లాడింది. పాటల బృందం గురించి చెప్పింది. ఆ మనిషి మందులు వద్దని ఎందుకు అనుకుందో నాకు అర్థం కావడం లేదు. ఈ మధ్య ఇంట్లో ఏమైనా జరిగిందా?"

"ఏం గాలే సార్," అన్నాడు జీవరాజు. అతని గొంతు అతనికే పరాయిదిలా వినబడింది.

డాక్టరు మళ్లీ గోలీలు రాశాడు. పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందని, అప్పటిదాకా ఆమెను ఒంటరిగా వదలొద్దని హనోకుకు రెండుసార్లు చెప్పాడు. వారం తిరగకుండా మళ్లీ తీసుకురమ్మన్నాడు.

బయట వరండాలో బెంచీల నిండా జనం. శారమ్మను ఒక మూల కూర్చోబెట్టారు. కూర్చోబెట్టగానే హనోకు మొదలుపెట్టాడు.

"అబద్ధమాడెటందుకు నోరెట్లొచ్చిందే నీకు? అవ్వను సూసినం గద. అవ్వకు మందు దొరకలే. నీకు దొరికితే ఇడిసిపెడతవా?"

శారమ్మ తల వంచుకుంది.

"నా కొడుకు ఎనిమిదేండ్ల సంది చాకిరి జేసిండు," బాలవ్వ కళ్లొత్తుకుంది. "వాని కండ్లల్ల దుమ్ము కొట్టింది. ఏమన్నడా వాడు? ఒక్క మాటన్న అన్నడా?"

పక్క బెంచీలో ఉన్న ముసలామె జీవరాజును జాలిగా చూసింది. అతను గోడకు ఆనుకున్నాడు. ఒంటి మీది బట్టలు ఎవరో లాగేసినట్టు ఉంది. 

హనోకు మందుల దుకాణానికి పోయాడు. బాలవ్వ నీళ్ల కోసం కుళాయి దగ్గరికి పోయింది. జీవరాజు వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు.

"ఎందుకట్ల చెప్పినవ్ శారా?"

 ఆమె ఒక్కో మాటా ఎక్కడి నుంచో మోసుకొచ్చినట్టు మెల్లగా అంది.

"నువ్వు చెప్తవని సూసిన. నువ్వు చెప్పలే."

"నీకు... తెలుసా?"

"ఆ దినం నువ్వు బస్సే ఎక్కలే. ఫ్యాక్టరీ కాడ కూసున్నవని నాగవ్వ చెప్పింది."

జీవరాజు ఆమె వైపు తిరిగాడు. "తెలిసి గూడ ఎందుకు మానుకున్నవ్? అన్నకు ఫోను జేస్తే తెస్తుండె గద!"

శారమ్మ తన అరచేతుల వైపు చూసుకుంది.

"నాకు మనాది ఉన్నప్పుడు నువ్వు నా పక్కన కూసుంటుంటివి. తల మీద చెయ్యి వెడుతుంటివి. నేను మంచిగైనంక... నువ్వు నా దిక్కు సూసుడే బందు జేసినవ్." ఆగింది. ఊపిరి తీసుకుంది. "గందుకే సరే అన్న. మల్ల సూస్తవేమో అని."

  తన లోపల ఉన్నదేదో ఎవరికీ కనబడదని ఇన్నాళ్లూ జీవరాజు అనుకున్నాడు. ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకున్న మనిషే దాన్ని మొదటి నుంచీ చూస్తూ ఉంది.

హనోకు మందుల సంచీతో తిరిగి వచ్చాడు. "బావా, చెల్లెను మోస్రా తీస్కపోత. మంచిగైనంక పంపుత. సుగుణను గూడ పంపు, తల్లి కండ్ల ముందట ఉంటది."

"సుగుణ రాదు!" నీళ్ల సీసాతో వస్తున్న బాలవ్వ అక్కడి నుంచే అరిచింది. "ఇన్నవు గద డాక్టరు మాట. మీ రక్తమే మంచిది గాదు. అబద్ధాలాడెటి తల్లి కాడ నా మనుమరాలిని ఉంచ. అది నా కాడ్నే పెరుగుతది."

శారమ్మ తలెత్తింది. పొద్దుటి నుంచి మొదటిసారి ఆమె కళ్లలో ఏదో కదిలింది. భయం. పోట్లాడటానికి బలం లేని భయం.

"అవ్వా," అన్నాడు జీవరాజు. "అబద్ధం ఆడింది శార గాదు. నేను."

పక్క బెంచీల మీదివాళ్లు ఇటు తిరిగారు.

"డాక్టరు బందు వెట్టమన్నడని నేనే చెప్పిన. శార నా మీదికి రావద్దని తన మీదేసుకుంది."

బాలవ్వ కొడుకును ఎగాదిగా చూసింది. తర్వాత ఆమె మొహం మెత్తబడింది. కొంగుతో అతని చెంప తుడిచింది. "ఇంకెంత మోస్తవురా బిడ్డా? పెండ్లాన్ని నలుగుర్ల చిన్నగ జెయ్యొద్దని గీ నింద గూడ నెత్తికెత్తుకుంటవా?"

"నేను నిజమే..."

"నాకెరుక లేదారా నువ్వెసొంటోడివో!"

హనోకు కళ్లు చెమర్చాయి. సంచీ చంకలో పెట్టుకుని జీవరాజు రెండు చేతులూ పట్టుకున్నాడు. "బావా, నా చెల్లె అదృష్టం. గింత జరిగినంక గూడ దాన్ని కాపాడుతున్నవు. దేవుడసొంటోడివి నువ్వు."

"నిజమే తల్లీ," అంది బెంచీ మీది ముసలామె శారమ్మతో. "గిసొంటోడు కోటికొక్కడుంటడు."

జీవరాజు చేతులు హనోకు చేతుల్లో ఉన్నాయి. వెచ్చగా ఉన్నాయి ఆ చేతులు. ఎనిమిదేళ్లుగా అలవాటైన వెచ్చదనం. ఒకసారి చెప్పేశాడు. వాళ్లు నమ్మకపోతే అతని తప్పా? ఇక్కడితో ఊరుకున్నా, నిజం చెప్పానని తనకు తాను చెప్పుకోవచ్చు.

శారమ్మ అతని వైపే చూస్తోంది. ఆ చూపులో బతిమాలడం లేదు. ఏం చేస్తాడో చూస్తోంది, అంతే.

తను ఇప్పుడు ఊరుకుంటే ఆమె ఈ నింద కూడా మోస్తుందని, నిజం ఎప్పటికీ ఎవరికీ చెప్పదని అతనికి అర్థమైంది. 

"నేను దేవున్ని గాదు బావా." అతను చేతులు విడిపించుకోలేదు. గొంతు మాత్రం పెంచాడు, బెంచీల మీద ఉన్నవాళ్లందరికీ వినబడేలా. "ఆ దినం నేను నిజామాబాద్ రానే లేదు. ఫ్యాక్టరీ ముందటి టీ కొట్ల పొద్దూకేదాక కూసున్న. కావాల్నంటే నాగవ్వనడుగు, ఆమె సూసింది. శార మంచిగైంది. నవ్వుతుండె, ఎదురు మాట్లాడుతుండె. అందరు దాన్నే మెచ్చుకోవట్టిరి. నాకది సయించలే. జబ్బుతోని ఉంటేనే నేను మంచోన్నని... గందుకే గోలీలు బందు వెట్టించిన."

హనోకు చేతులు ఒక్కొక్కటిగా వదులయ్యాయి. కొట్టడానికి లేచినట్టు ఒక చెయ్యి సగం దాకా లేచి, గాలిలో ఆగి, దిగిపోయింది. కొట్టి ఉంటే బాగుండేదనిపించింది జీవరాజుకు.

"సప్పుడు జెయ్యకురా," అంది బాలవ్వ, పళ్ల సందుల్లోంచి. ఈసారి ఆమె నమ్మింది. "అందరు ఇంటున్నరు. ఇంటికి పోయి మాట్లాడుకుందాం."

ముసలామె మొహం పక్కకు తిప్పుకుంది.

"చెల్లె, లెవ్వు," అన్నాడు హనోకు. "ఇగ ఆ ఇంటికి నువ్వు పోవు. సుగుణను ఎట్ల తెచ్చుకోవాల్నో నాకు తెలుసు. పెద్దమనుషుల్ల పంచాయితి పెడత."

శారమ్మ లేవలేదు. చెయ్యి చాపింది. హనోకుకు మొదట అర్థం కాలేదు. ఆమె అతని చంకలోని సంచీ వైపు చూసింది. సంచీ ఇచ్చాడు. ఆమె గోలీల అట్టను బయటికి తీసింది. ఒకటి విప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం చేయడానికి ముందుకు రాలేకపోయారు. బాలవ్వ చేతిలోని సీసా అందుకుని నీళ్లు తాగింది.

"అన్నా, మోస్రా వస్త," అంది. "ఐతారం నాడు సుగుణను... వాల్ల బాపే తోల్కరావాలె."

"వీడా? వీని మొకం నా గడపల..."

"తోల్కరానియ్యి."

ఆమె గోడ పట్టుకుని లేచింది. జీవరాజు ముందు నిలబడింది. మాట్లాడటానికి ఊపిరి కూడదీసుకుంటోందని అతనికి తెలుస్తోంది. తిట్టినా బాగుండు, ఏడ్చినా బాగుండు అనుకున్నాడు.

"గిప్పుడు నాకేం తోస్తలేదు. కోపం గూడ వస్తలేదు," అంది శారమ్మ. "గీ గోలీలు పని జేసెదాక ఆగు. మంచిగైనంక చెప్త, నీతోని ఉంటనో ఉండనో."

అన్న భుజం ఆసరాతో ఆమె ఒక్కో మెట్టూ దిగి ఆటో వైపు నడిచింది.